సర్కారు తుమ్మ – నల్ల తుమ్మ

మన రాజపాళయము చుట్టుపట్ల బీళ్లలోను, చెరువుగట్లపైనను పెరుగు ముండ్లచెట్లన్నియు నొక్కటి కావు. నల్లతుమ్మ మన దేశపు చెట్టు, తమిళమున కరువేలము. సర్కారు తుమ్మ, అనగా సీమకరువేలము, అమెరికా ఖండపుది. 1877లో దాని విత్తనములను జమైకానుండి తెప్పించి కడప జిల్లా కమలాపురమున నాటిరి.

నల్లతుమ్మ పూవు పచ్చని గుండ్రని బంతి. కాయ గింజగింజకు నడుమ నొక్కుకొని పూసలదండవలె నుండును. సర్కారు తుమ్మ పూలు కంకులుగా నుండును. పండిన కాయ పసుపుపచ్చగా, తీయగా నుండును. పశువులు దానిని తినగా, అరుగని గింజలు పేడతో పడి మొలచును. ఆ పొదలక్రింద గడ్డి యెదుగదు. చెరువులకు నీరు వచ్చు కాలువలు మూసికొనును. దీనిని బొగ్గుగా కాల్చి జీవించువారును మన జిల్లాలో కలరు; అయినను మేతను, నీటిని పోగొట్టుకొని పొందు బొగ్గు మనకు లాభము కాదు.

నరికినంతమాత్రమున ఇది చావదు. మొదటినుండి మరల చిగుర్చును. కావున వాన వెలిసి నేల మెత్తబడినపుడే చిన్నమొక్కలను వేళ్లతో పెరుకవలెను. పెద్దచెట్లను పెద్దలు త్రవ్వి తీయవలెను. ఆ చోట వేపయో కానుగయో నాటనిచో అది మరల వచ్చును.

మేము కోరునది యొక్కటే: గొడ్డలి ఎత్తుటకు ముందు పూవును, కాయను చూడుడు. నాగళ్లకు, బండ్లకు కలపనిచ్చిన నల్లతుమ్మను పొరపాటున నరుకకుడు.