నీటిలో, చేపలో ఆర్సెనిక్: రిపోర్టు ఎలా చదవాలి?



ఉద్దానంలో కిడ్నీ జబ్బు మాట వచ్చినప్పుడల్లా మేము వినే ప్రశ్న ఇది: “సిస్టరమ్మా, మా నీళ్లలో విషం ఉందంటున్నారు. చేపల్లో కూడా ఉందట. తినడం మానేయాలా?” ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలంటే ఆర్సెనిక్‌ను ఎలా కొలుస్తారో ముందుగా తెలుసుకోవాలి.

ఆర్సెనిక్ అంటే ఏమిటి?

మన పెద్దలు పాషాణం అనే విషంలో ఉండేది ఇదే. రాళ్లలో, మట్టిలో సహజంగానే ఉండి, కొన్నిచోట్ల భూగర్భ జలంలో కరుగుతుంది. అలా కరిగిన నీటికి రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. పశ్చిమ బెంగాల్‌లో, బంగ్లాదేశ్‌లో విరేచనాల జబ్బుల నుండి కాపాడాలని గొట్టపు బావులు తవ్వారు. నీళ్లు తేటగా ఉన్నాయని జనం ఏళ్ల తరబడి తాగారు. 1983లో కలకత్తా డాక్టరు కె.సి. సాహా తన దగ్గరకు వచ్చిన రోగుల చర్మాన్ని చూసి ఈ విషాన్ని గుర్తించారు. ఒంటిపై నల్లని, తెల్లని మచ్చలు, అరచేతులు, అరికాళ్లు గట్టిపడటం దీని ముఖ్య గుర్తులు. చాలా ఏళ్లు తాగితే చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లు రావచ్చు.

మన ఉద్దానం సంగతి

2019లో ప్రచురితమైన ఒక సర్వేలో ఇక్కడి పెద్దవారిలో నూటికి సుమారు 18 మందికి కిడ్నీ జబ్బు ఉన్నట్లు తేలింది. దానికి ఆర్సెనిక్ కారణమని ఇంతవరకు రుజువు కాలేదు. నీటిలోని సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గడం వంటి అనేక కారణాలను పరిశీలిస్తున్నారు. హిరమండలం రిజర్వాయరు నుండి ఉద్దానానికి తాగునీరు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఇంకా బోరు, బావి నీళ్లే తాగేవారు మాత్రం పరీక్ష చేయించుకోవడం మంచిది.

నీటిలో ఎలా కొలుస్తారు?

తాగునీటిలో హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అంటే లక్ష లీటర్ల ట్యాంకులో ఒక్క గ్రాము! ఊరిలో చేసే కిట్టు పరీక్షలో నీటికి ఆమ్లం, జింకు పొడి కలుపుతారు. ఆర్సెనిక్ ఉంటే అది వాయువుగా లేచి, పైనున్న కాగితాన్ని పసుపు లేక గోధుమ రంగుకు మారుస్తుంది. ఆ వాయువు విషం కనుక శిక్షణ పొందినవారే, గాలి ఆడేచోట చేయాలి. కిట్టు చెప్పేది అంచనా మాత్రమే. ఖచ్చితమైన అంకె కావాలంటే ప్రయోగశాలలో యంత్రంపై చూడాలి.

నమూనా పట్టేటప్పుడు బోరును కొన్ని నిమిషాలు కొట్టి వదిలి, ప్రయోగశాలవారు ఇచ్చిన సీసాలోనే పట్టండి. అందులో ముందే ఆమ్లం వేసి ఉండవచ్చు, కడిగివేయకండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఇచ్చేటప్పుడు “ఆర్సెనిక్ కూడా చూస్తారా?” అని తప్పక అడగండి. మామూలు నీటి పరీక్షలో అది ఉండకపోవచ్చు.

చేపల్లో ఉన్నదీ అదేనా?

ఇక్కడే చాలామంది భయపడుతున్నారు. సముద్రపు చేపలు, రొయ్యలు, పీతల్లో ఆర్సెనిక్ అంకె తాగునీటి హద్దు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. కానీ అందులో అధిక భాగం ఆర్సెనోబీటైన్ అనే రూపంలో ఉంటుంది. అది మనకు హాని చేయక, మూత్రంలో బయటికి పోతుంది. హాని చేసేది అకర్బన ఆర్సెనిక్. బోరునీటిలో కరిగి ఉండేది ఇదే. కాబట్టి చేపల రిపోర్టులో “మొత్తం ఆర్సెనిక్” అని ఉంటే, అకర్బనం ఎంతో తెలియనిదే భయపడవద్దు. ఆ ఒక్క అంకె చూసి బారువ తీరపు చేపలను పిల్లలకు మాన్పించవలసిన పని లేదు. కిడ్నీ రోగులు మాత్రం ఎంత తినాలో డాక్టరును అడగాలి. ఉప్పు ఎక్కువ కనుక ఎండుచేపలు తగ్గించాలి.

డాక్టరు మూత్రంలో ఆర్సెనిక్ పరీక్ష రాస్తే, ముందు కనీసం నాలుగు రోజులు సముద్రపు ఆహారం తినకండి. తింటే అంకె ఊరికే పెరిగి, లేని విషం ఉన్నట్లు కనిపిస్తుంది.

గుర్తుంచుకోండి

• మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఆర్సెనిక్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.
• గుడ్డతో వడగట్టినా, క్లోరిన్ వేసినా పోదు. ఆర్.ఓ. యంత్రం చాలావరకు తగ్గిస్తుంది. ఆ నీటిని కూడా పరీక్షించాలి.
• కిడ్నీకి మంచిదని ఎవరో ఇచ్చిన భస్మాలు, పొడులు వాడకండి. హరిదళం, మణిశిల అనేవి ఆర్సెనిక్ ఖనిజాలే.
• ఆర్సెనిక్ లేదని రిపోర్టు వచ్చినా కిడ్నీ పరీక్షలు మానవద్దు. బి.పి., మూత్రం, క్రియాటినిన్ చూపించుకుంటూ ఉండండి.

ఇంటిల్లిపాది జవాబు చెప్పుకొనండి

1. తేటగా ఉన్న నీళ్లు మంచివని ఎందుకు నమ్మకూడదు?
2. నీటి రిపోర్టులోని అంకెను, చేప రిపోర్టులోని అంకెను ఒకేలా ఎందుకు చూడకూడదు?
3. మీ ఇంటి తాగునీటిని ఆఖరుసారి ఎప్పుడు పరీక్షించారు?

మూడవ ప్రశ్నకు జవాబు లేని ఇల్లు ఈ నెలలోనే నమూనా పంపాలని మా మనవి. రిపోర్టు వచ్చాక మా దగ్గరకు తెండి, కలిసి చదువుదాము.