40 హెర్ట్జ్, నాన్న నడుము, నేను చేసిన పొరపాటు



మొన్నటి వీడియోలో భ్రామరి ప్రాణాయామం చేసి చూపించాం కదా. ఆ తర్వాత ఎక్కువమంది అడిగింది ఒకటే: "శబ్దంతో, వైబ్రేషన్‌తో పాత నొప్పులు నిజంగా తగ్గుతాయా?" దీనికి వీడియోలో రెండు నిమిషాల్లో జవాబు చెప్తే సగమే చెప్పినట్టు అవుతుంది. ఆ సగం జ్ఞానంతోనే మా ఇంట్లో ఒక పొరపాటు జరిగింది. ముందు అదే చెప్తాను.

మాది పినపాక. ఒకవైపు గోదావరి, ఒకవైపు అడవి. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. నాన్న ఇరవై ఏళ్లకు పైగా ట్రాక్టర్ నడిపాడు. దుక్కి, దమ్ము, మిర్చి బస్తాల ట్రిప్పులు, అన్నీ ఆ సీటు మీదే. నడుమునొప్పి ఎప్పటినుంచో ఉంది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను. ఒక రాత్రి యూట్యూబ్‌లో "40 హెర్ట్జ్, నొప్పి మాయం" అనే గంట వీడియో కనబడింది. వెనక తంబురా, మధ్యలో ఓంకారం. నాన్నకి వాట్సాప్ చేసి, "రోజూ పడుకునేటప్పుడు నడుము పక్కన పెట్టుకో" అన్నాను.

రెండు నెలలు పెట్టుకున్నాడు. దసరాకి ఇంటికెళ్తే, కుడికాలి చెప్పు జారిపోయినా ఆయనకి తెలియట్లేదు.

"ఎప్పటినుంచి నాన్నా ఇట్ల?"

"నెలైతాంది. కాలు తిమ్మిరెక్కుతాంది. నువ్వు పంపినవు కదా, దానితోటి తగ్గుద్దిలే అని ఆగిన."

స్కానింగ్‌లో డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని తేలింది. కాలు మొద్దుబారగానే రావాల్సిందని డాక్టర్ అన్నారు. నాన్న నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏం చెప్పేవాడినో నాకు తెలియదు. ఆ తర్వాతే నేను ఈ విషయం కూర్చుని చదివాను. అందులో అర్థమైంది ఇక్కడ పెడుతున్నాను.

అసలు ఈ చికిత్స ఏంటి?

దీన్ని వైబ్రోఅకూస్టిక్ థెరపీ అంటారు. 1980ల్లో నార్వేకి చెందిన ఒలావ్ స్కిల్లె దీనికి ఒక రూపం తెచ్చారు. ఇందులో చెవితో వినడం కంటే ఒంటితో వినడం ఎక్కువ. కుర్చీలోనో మంచంలోనో పెద్ద స్పీకర్లు అమర్చి, సుమారు 30 నుంచి 120 హెర్ట్జ్ మధ్య ఉండే మంద్ర ధ్వనిని నేరుగా శరీరానికి తాకిస్తారు. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ లెక్క. 40 హెర్ట్జ్ అంటే సెకనుకి 40 సార్లు.

ఉపశమనం ఎందుకు వస్తుంది?

చిన్నప్పుడు మోకాలికి దెబ్బ తగిలితే అమ్మ ఏం చేసేది? గబగబా రుద్దేది. రుద్దగానే కొంచెం హాయిగా ఉండేది. ఎందుకో 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ఒక సిద్ధాంతంతో వివరించారు. దాని పేరు గేట్ కంట్రోల్ థియరీ. నొప్పి కబురు సన్నటి నరాల మీద వెళ్తుంది. స్పర్శ, కంపనం కబురు లావుపాటి, వేగమైన నరాల మీద వెళ్తుంది. రెండూ వెన్నుపాములో ఒక గేటు దగ్గరికి చేరతాయి. స్పర్శ కబురు జోరుగా వస్తుంటే, నొప్పి కబురుకి ఆ గేటు కొంత మూసుకుంటుంది. తర్వాతి పరిశోధనలు ఇందులో కొన్ని వివరాలు మార్చాయి కానీ, మూల ఆలోచన నిలబడింది.

ఒక్క మాట గమనించండి. గేటు మూసుకుంటే కబురు ఆగుతుంది. కబురు పంపిన గాయం అలాగే ఉంటుంది. నాన్న విషయంలో నాకు తట్టనిది ఇదే.

పరిశోధనలు ఏం చెప్పాయి?

ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బు మీద కెనడాలో ఒక అధ్యయనం జరిగింది. 2015లో ప్రచురించారు. 19 మంది మహిళలకి వారానికి రెండుసార్లు, ఐదు వారాలు 40 హెర్ట్జ్ ధ్వని ఇచ్చారు. చాలా మెరుగుదల కనిపించింది. ఇంటర్నెట్‌లో తిరిగే ప్రచారం చాలావరకు ఇక్కడే ఆగిపోతుంది. కానీ అందులో పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు.

2019లో మరో అధ్యయనం వచ్చింది. ఈసారి 50 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి 40 హెర్ట్జ్, ఇంకో గుంపుకి వేరే రకం కంపనం. రెండు గుంపుల్లోనూ నొప్పి తగ్గింది, కానీ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే ఉపశమనం అబద్ధం కాదు. అయితే అది "40" అనే అంకె మహిమ అని చెప్పలేం. విశ్రాంతి, నమ్మకం, రోజూ కాసేపు మన కోసం కూర్చోవడం, వీటి పాలు ఎంతో ఉండొచ్చు.

కంపనమే నొప్పి తెచ్చింది కూడా

ఇక్కడ నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. నాన్న నడుము పాడవడంలో కూడా కంపనం పాత్ర ఉంది! ఊయలని సరైన లయలో తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది కదా, దాన్నే రెసొనెన్స్ అంటారు. కూర్చున్న మనిషి వెన్నెముకకి ఆ లయ సుమారు 4, 5 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దుక్కిలో ట్రాక్టర్ సీటు కుదుపు కూడా దాదాపు ఆ ప్రాంతంలోనే వస్తుంది. ఏళ్ల తరబడి ఆ కుదుపు మీద కూర్చునే ట్రాక్టర్, లారీ డ్రైవర్లలో నడుమునొప్పి ఎక్కువని వైద్యరంగానికి బాగా తెలుసు.

ఒక కంపనం ఉపశమనం ఇస్తుంది, ఇంకోటి వెన్ను విరుస్తుంది. ఎంత లయ, ఎంత జోరు, ఎంతసేపు, ఎవరి ఒంటికి అన్నదే లెక్క. అందుకే "వైబ్రేషన్ మంచిది" అనే మాటకి అర్థం లేదు.

ఫోన్‌లో అసలు ఏం వచ్చింది?

ఆ వీడియో ఆడియోని కంప్యూటర్‌లో విశ్లేషించి చూశాను. ఫైల్‌లో 40 హెర్ట్జ్ ఉంది. కానీ ఫోన్‌లో పెట్టి వెనక చెయ్యి ఆనిస్తే ఏమీ తెలియలేదు. గాలిలో 40 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు ఎనిమిదిన్నర మీటర్లు. గోరంత ఫోన్ స్పీకర్ అంత మంద్ర ధ్వనిని ఒంటికి తాకేలా పుట్టించలేదు. నాన్న రెండు నెలలు పక్కన పెట్టుకున్నది తంబురా, ఓంకారం మాత్రమే. "చికిత్స" ఆ ఫోన్‌లోంచి బయటికే రాలేదు. ఇంజినీరింగ్ చదివిన నాకు పంపకముందే తట్టాల్సిన విషయం ఇది.

మరి మన నాదం సంగతి?

"174 హెర్ట్జ్ నొప్పికి, 432 హెర్ట్జ్ రుషులు చెప్పింది" అని మీరూ వినే ఉంటారు. ఒక్కసారి ఆలోచించండి. మన కర్ణాటక సంగీతంలో "స" కి స్థిరమైన ఫ్రీక్వెన్సీ లేదు. ఒకరు ఒకటో శృతిలో పాడతారు, ఇంకొకరు ఐదో శృతిలో పాడతారు. ఎవరి గొంతుకి తగ్గ ఆధార శృతి వాళ్లదే. అలాంటి సంప్రదాయం అందరికీ ఒకే అంకె ఎందుకు పెడుతుంది? ఆ అంకెలు ఈ కాలంలో పుట్టిన ప్రచారం. రుషుల పేరు పెట్టి అమ్మడం భక్తి కాదు.

ఒంటితో వినే నాదం మాత్రం మనకి కొత్త కాదు. మా పక్కనే మణుగూరు దగ్గర కూనవరంలో సకిని రామచంద్రయ్య గారు ఉండేవారు. కంచుమేళం వాయిస్తూ కోయ భాషలో సమ్మక్క సారలమ్మ కథ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. మా వైపు జాతరలో డోలు మోగితే చెవి కంటే ముందు గుండె మీద తగులుతుంది. అక్కడ నిలబడినవాడికి అలసట గుర్తురాదు. అయినా ఆ డోలు మోగించేవాళ్లు ఎవరూ "ఇది నడుమునొప్పికి మందు" అనరు. అది దేవతని పిలిచే నాదం.

భ్రామరి కూడా హఠయోగ ప్రదీపికలో చెప్పిన సాధనే. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓంకారం మీద జరిపి, 2011లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, జపించేటప్పుడు మెదడులో భావోద్వేగాలకి సంబంధించిన భాగాల చురుకు తగ్గినట్టు కనిపించింది. అది నొప్పి మీద చేసిన పరిశోధన కాదు. కానీ పాత నొప్పిలో భయం, నిద్రలేమి కలిసి ఉంటాయి కాబట్టి, మనసు నెమ్మదించడం చిన్న విషయం కాదు.

ఈ వారం నుంచి

1. రోజూ పది నిమిషాలు ఓంకారమో భ్రామరో చేయండి. ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టి కంపనాన్ని గమనించండి. అది మీ ఒంటిలోంచే పుట్టే మంద్ర ధ్వని, ఖర్చు లేదు. వైద్యంతో పాటు చేయండి, దాని బదులు కాదు.

2. కాలు లేదా చెయ్యి తిమ్మిరి, బలహీనత, మూత్రం మీద అదుపు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, నొప్పితో పాటు జ్వరం ఉంటే ఏ శబ్దమూ వద్దు. వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

3. వైబ్రేషన్ కుర్చీ, మంచం వాడాలనుకుంటే ముందు అడగండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లు, కొత్తగా డిస్క్ జారినవాళ్లు డాక్టర్ చెప్పకుండా ముట్టుకోవద్దు.

4. ఊళ్లో అమ్మానాన్నలకి ఏదైనా పంపేముందు ఆగండి. వాళ్లు నమ్మేది వీడియోని కాదు, మిమ్మల్ని.

నాన్న ఇప్పుడు ఫిజియోథెరపీ వ్యాయామాలు చేస్తున్నాడు. నొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు. కాలి వేళ్లలో మొద్దు ఇంకా కాస్త ఉంది. శనివారం రామాలయంలో భజనకి వెళ్తాడు. "మద్దెల మోగినంతసేపు నొప్పి యాదికి రాదురా" అంటాడు. అది చాలు అనిపిస్తుంది నాకు.

ఈమధ్య నేను ఏది పంపినా ఒకటే జవాబు వస్తోంది: "డాక్టర్‌ని అడిగినవా?"