డిప్రెషన్‌తో రోజు నడపడం ఎలా: పాతబస్తీ నుంచి కొన్ని పాఠాలు

హైదరాబాద్‌లో పెరిగిన ప్రతి ఒక్కరికీ ఒక జోకు తెలుసు. ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే చాలు, "వీణ్ణి ఎర్రగడ్డ పంపాలి రా" అంటారు. క్లాసులో అంటారు, బస్సులో అంటారు, పెళ్లిళ్లలో కూడా అంటారు. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆస్పత్రి. గుండె నొప్పి వచ్చినవాణ్ణి చూసి "నిమ్స్‌కి పంపాలి" అని ఎవరూ నవ్వరు కదా! ఈ జోకు వల్ల నిజంగా నష్టపోయేది ఎవరంటే, నెల రోజులుగా నిద్ర పట్టక, పుస్తకం తెరవలేక, ఎవరికి చెప్పాలో తెలియక వెనక బెంచీలో కూర్చున్న మన ఫ్రెండ్. వాడు కూడా మనతో పాటు నవ్వుతాడు. ఆ తర్వాత ఇంక నోరు తెరవడు.

2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. దాని ప్రకారం ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వస్తుంది. అలాంటివాళ్లలో 100కి 85 మందికి చికిత్స అందడం లేదు. లెక్క కోసం మన 60 మంది క్లాసునే తీసుకుందాం. ముగ్గురు ఉంటారు. ఆ ముగ్గురి కోసం, వాళ్ల పక్కన కూర్చునే మిగతా 57 మంది కోసం ఈ వ్యాసం.

దిగులు వేరు, డిప్రెషన్ వేరు

1908 సెప్టెంబర్ 28న మూసీకి పెద్ద వరద వచ్చింది. నది ఒడ్డున ఉన్న బస్తీలు కొట్టుకుపోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని మన నగరంలో చెప్పుకుంటారు. అదే వరదలో ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నారు. ఇంట్లో ఆయనొక్కరే మిగిలారు. తర్వాత రుబాయీలు రాసి గొప్ప పేరు తెచ్చుకున్నారు, 1961 దాకా బతికారు. అది దుఃఖం. దానికి కారణం ఉంది, ఆ కారణం అందరికీ కనపడుతుంది. ఊరంతా వచ్చి ఓదారుస్తుంది.

డిప్రెషన్‌కి ఇలా కంటికి కనపడే కారణం ఉండాలని రూలేం లేదు. ఇంట్లో అన్నీ బాగానే ఉంటాయి, ఫీజు కట్టేశారు, బ్యాక్‌లాగ్స్ కూడా లేవు, అయినా వస్తుంది. డాక్టర్లు చూసేది ఇది: కనీసం 2 వారాల పాటు, రోజులో ఎక్కువ సేపు మనసు బరువుగా ఉండటం, లేదా ఇంతకుముందు ఇష్టమైనవి ఏవీ ఇష్టం అనిపించకపోవడం. వీటితో పాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, "నేను దేనికీ పనికిరాను" అనిపించడం, కదలికలు నెమ్మదించడం లేదా కుదురు లేకపోవడం, చావు గురించి ఆలోచనలు. మొత్తం తొమ్మిది లక్షణాలు. అందులో ఐదు ఉండి, రోజువారీ పనులు ఆగిపోతుంటే దాన్ని డిప్రెషన్ అంటారు. పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నాపత్రం ఈ తొమ్మిదింటి మీదే తయారైంది. మార్కులు 0 నుంచి 27 దాకా. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరుతో మాట్లాడటం మంచిది. అది జబ్బును తేల్చే పరీక్ష మాత్రం కాదు, థర్మామీటర్ లాంటిది.

మనం వాడే మాటలు

పేపర్లలో "కుంగుబాటు" అని రాస్తారు. ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. లాల్ దర్వాజా, గౌలిపురా, అలియాబాద్ గల్లీల్లో వినపడేవి వేరే మాటలు. "మనసు మంచిగ లేదు", "దిమాగ్ ఖరాబైంది", "పరేషాన్ ఉంది", "ఊకె తల నొస్తుంది". చాలామంది అసలు మనసు గురించి మాట్లాడరు. తలనొప్పి, ఒళ్లు నొప్పులు, గ్యాస్, నీరసం అని మందుల షాపుకి పోతారు. మాత్ర వేసుకుంటారు, నాలుగు రోజులకి మళ్లీ అదే. మీ అమ్మమ్మో, చిన్నాన్నో నెలల తరబడి ఇలాగే అంటుంటే, టెస్టుల్లో ఏమీ తేలకపోతే, మనసు వైపు కూడా ఒకసారి చూడాలి.

జింబాబ్వేలో షోనా భాషలో దీన్ని "కుఫుంగిసిసా" అంటారు. అంటే "ఎక్కువ ఆలోచించడం". మన దగ్గర "ఊకె సోచాయిస్తున్నడు" అంటాం కదా, సరిగ్గా అదే! అక్కడ డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్ట్, డాక్టర్లు చాలరని, క్లినిక్ బయట బెంచీ వేసి అమ్మమ్మలకు ట్రైనింగ్ ఇచ్చారు. వచ్చినవాళ్ల మాట వినడం, ఒక్క సమస్యను ఎంచుకుని దాని మీద పనిచేయించడం వాళ్ల పని. దాని పేరు ఫ్రెండ్‌షిప్ బెంచ్. మామూలు వైద్యం అందినవాళ్ల కంటే బెంచీ దగ్గరికి వచ్చినవాళ్లకు బాగా తగ్గిందని 2016లో వచ్చిన పరిశోధన చూపించింది.

లూప్ ఎక్కడ తిరుగుతోంది?

కంప్యూటర్ సైన్స్ వాళ్లం కాబట్టి ఇది మనకు త్వరగా అర్థమవుతుంది. మనసు బాగోదు కాబట్టి పని చేయం. పని చేయం కాబట్టి సంతోషం ఇచ్చేది ఏదీ జరగదు. ఏదీ జరగదు కాబట్టి మనసు ఇంకా బాగోదు. ఎగ్జిట్ కండిషన్ లేని లూప్ ఇది. "ముందు మూడ్ రావాలి, అప్పుడు చేస్తా" అనుకుంటే ఎప్పటికీ బయటికి రాలేం. ఎందుకంటే మూడ్ అనేది చివర్లో వచ్చే ఔట్‌పుట్.

1970ల్లో పీటర్ లూయిన్‌సన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఇక్కడే దృష్టి పెట్టారు. మూడ్‌ని నేరుగా మార్చలేం, చేసే పనిని మార్చగలం. చిన్న పని, టైం పెట్టుకుని, మూడ్ ఉన్నా లేకపోయినా చేయడం. దీన్నే బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం దీన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ప్రయత్నించింది. కౌన్సెలింగ్ చేసింది డాక్టర్లు కాదు, ట్రైనింగ్ తీసుకున్న మామూలు మనుషులు. ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడారంతే. మూడు నెలల తర్వాత చూస్తే కౌన్సెలింగ్ అందినవాళ్లలో 64 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు, అందనివాళ్లలో 39 శాతం.

మన గల్లీలో ఎలా చేయాలి?

"జిమ్‌కి వెళ్లండి, వెకేషన్ తీసుకోండి" అనే సలహాలు రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉండేవాళ్లకు పనికిరావు. కాబట్టి మన దగ్గర కుదిరేవి చూద్దాం.

1. లేచే టైం మార్చొద్దు. రాత్రి ఎప్పుడు నిద్ర పట్టినా పొద్దున ఒకే టైంకి లేవాలి. బారాత్ బ్యాండు వల్ల రెండింటికి పడుకున్నా సరే. పడుకునే టైం మన చేతిలో లేకపోవచ్చు, లేచే టైం చాలావరకు మన చేతిలోనే ఉంటుంది.

2. ఎండ తగిలేలా పది నిమిషాలు నడవాలి. చార్మినార్ చుట్టుపక్కల షాపులు పొద్దున్నే తెరవరు. షాలిబండ నుంచి గుల్జార్ హౌజ్ దాకా పగలంతా అడుగు తీసి అడుగు వేయలేం, పొద్దున మాత్రం హాయిగా నడవొచ్చు. అంత దూరం వద్దనిపిస్తే గల్లీ చివరి దాకా పోయి రండి. అదీ లెక్కలోకే వస్తుంది.

3. రోజుకి మూడు పనులు రాసుకోండి. ఒకటి ఒంటికి (స్నానం, తిండి), ఒకటి బాధ్యతకి (అమ్మతో మీర్ ఆలం మండికి పోయి కూరగాయలు మోయడం, రికార్డులో ఒక్క పేజీ), ఒకటి మనిషి కోసం (ఒక ఫ్రెండ్‌తో కలిసి చాయ్). చేసే ముందు మూడ్‌కి 10కి ఎంతో వేయండి, చేశాక మళ్లీ వేయండి. 2 ఉన్నది 3 అయితే చాలు. 8 రావాలని చూడొద్దు.

4. పని పెద్దదైతే ముక్కలు చేయండి. "డీబీఎంఎస్ యూనిట్ మొత్తం చదవాలి" అనుకుంటే మంచం దిగం. "పుస్తకం తెరిచి ఐదు నిమిషాలు కూర్చుంటా" అనుకుంటే దిగొచ్చు.

5. సాయంత్రం తర్వాత చాయ్ తగ్గించండి. ఇరానీ హోటల్ మీద నాకేం కోపం లేదు! కెఫీన్ నిద్రను పాడు చేస్తుంది, నిద్ర పాడైతే మర్నాడు మొత్తం పాడవుతుంది.

6. తలలో తిరిగే మాటను కాగితం మీద పెట్టండి. డిప్రెషన్‌లో ఆలోచనలు మూడు వైపులకు పోతాయని ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ గమనించారు: నేను వేస్ట్, లోకం వేస్ట్, రేపు కూడా ఇంతే. "నాకు కోడింగ్ రాదు" అనిపిస్తే రాసి, పక్కన దానికి సాక్ష్యం, దానికి వ్యతిరేకంగా సాక్ష్యం రాయండి. పోయిన సెమిస్టర్ ల్యాబ్ ఎవరు పాసయ్యారు మరి?

దర్గాకి పోయినా, గుడికి పోయినా, నమాజు చేసినా తప్పులేదు. ఇల్లు దాటి నలుగురిలోకి వెళ్లడం కూడా మంచిదే. దాని కోసం డాక్టరు దగ్గరికి పోవడం మాత్రం ఆపొద్దు.

పక్కన ఉన్నవాళ్లం ఏం చేయాలి?

"టెన్షన్ తీసుకోకు", "ధైర్యంగా ఉండు", "నీకేం తక్కువ రా" అనే మాటలు మంచి మనసుతోనే అంటాం. వినేవాడికి మాత్రం "నీ బాధ నిజం కాదు" అన్నట్టు వినపడతాయి. వాటి బదులు "అన్నం తిన్నావా?", "రేపు ఏడింటికి మీ ఇంటి కింద ఉంటా, నడుద్దాం" అనండి. రాకపోతే తిట్టొద్దు, ఎల్లుండి మళ్లీ పోవాలి.

భయంగా అనిపిస్తే సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అడిగితే ఎదుటివాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది. అవును అంటే వాళ్లను ఒంటరిగా వదలొద్దు, రహస్యం అని దాచొద్దు, ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

డాక్టరు, ఫోను, చట్టం

పైన చెప్పినవి రెండు వారాలు చేసినా మార్పు లేకపోతే, లేదా అసలు చేసే ఓపికే లేకపోతే, అది మీ బద్ధకం కాదు. డాక్టరు కావాలని అర్థం. నయాపుల్ దాటితే ఉస్మానియా ఆస్పత్రి ఉంది, అక్కడ సైకియాట్రీ విభాగం ఉంది. ఎర్రగడ్డలో కూడా ఓపీకి పోయి చూపించుకుని అదే రోజు ఇంటికి రావొచ్చు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో చాలామందికి అడ్మిషన్ అవసరమే ఉండదు. మందులు రాస్తే, పని మొదలుపెట్టడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. వారానికే "లాభం లేదు" అని ఆపొద్దు. తగ్గాక కూడా సొంతంగా ఆపొద్దు.

ఫోన్‌లో మాట్లాడాలంటే టెలి మానస్ ఉంది, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో అందరూ ఉంటారు, ఎలా మాట్లాడాలి అంటారా? మిద్దె మీదికి పోండి. బట్టలు ఆరేసి వస్తా అని చెప్తే ఎవరూ అడగరు.

"రికార్డుల్లోకి ఎక్కితే ప్లేస్‌మెంట్ పోతుందేమో" అన్న భయం మనలో చాలామందికి ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మన చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం మన హక్కు. చట్టంలో రాసిన కొన్ని సందర్భాల్లో తప్ప డాక్టరు వాటిని బయటికి చెప్పకూడదు. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఇన్సూరెన్స్ ఇవ్వాలని అదే చట్టం చెప్తోంది.

ఇది చదివాక 14416ని ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మీకు అవసరం పడకపోవచ్చు. క్లాసులో ఎవరికి అవసరం పడుతుందో మనకు ముందే తెలియదు కదా. ఈసారి ఎవరైనా ఎర్రగడ్డ జోకు వేస్తే నవ్వకుండా ఊరుకోండి. పక్కన కూర్చున్నవాళ్లు అది గమనిస్తారు.