తత్సమ పదములు – అర్థ పరిణామము: ఖరగ్‌పూర్ ఉభయభాషా పరిసరము

పదము యొక్క ధ్వని మారినచో చెవి గుర్తించును. అర్థము మారినచో చెవికి తెలియదు. తెలుగు వ్యాకర్తలు సంస్కృత ప్రాకృతములతో తుల్యమగు పదమును తత్సమమనిరి. ఆ తుల్యత రూపమునకే గాని అర్థమునకు వర్తింపదు. ఒకే సంస్కృత పదము రెండు దేశభాషలలో చేరి భిన్నార్థములను పొందిన తీరును పరిశీలించినచో, అర్థమును నడపునది ఆ పదమును వాడువారి ఆలోచనయే యని విశదమగును.

ఇట్టి పరిశీలనకు పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్ అనువైన స్థలము. 1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూర్ రైల్వే సంస్థ అచ్చట జంక్షనును, కర్మాగారమును నెలకొల్పగా, ఉత్తరాంధ్ర ప్రాంతమునుండి తెలుగువారు పెక్కుమంది ఉద్యోగార్థులై వచ్చి స్థిరపడిరి. ఇంట తెలుగును, వెలుపల వంగభాషను వాడువారికి తెలియని పదము కంటె తెలిసినట్లు తోచు పదమే ఎక్కువ చిక్కు కలిగించును.

'శిక్ష' యను పదమును గైకొందము. సంస్కృతమున నేర్చుట, నేర్పుట యని దీని అర్థము. వేదాంగములలో ఉచ్చారణశాస్త్రమునకు ఇదియే పేరు. వంగభాషలో 'శిక్ఖా' అని పలుకుచు నేటికిని విద్య యను అర్థమున వాడుదురు. తెలుగున దండనార్థమే ప్రధానమైనది. 1860 నాటి నేరచట్టమునకు 'భారత శిక్షాస్మృతి' యని పేరు. 'శిక్షణ', 'శిక్షకుడు' అను పదములందు మాత్రము ప్రాచీనార్థము నిలిచియున్నది. తప్పును దిద్దుట యను భావమే నేర్పుటకును దండించుటకును నడుమనున్న వారధి. తెలుగు పలుకుబడియగు 'బుద్ధి చెప్పు' సైతము హితబోధను, దండనను రెంటిని తెలుపును. వంగభాషలో 'ఉచిత శిక్షా' యిచ్చుట యనినచో తగిన దండన విధించుటయే. కావున తెలుగునందలి మార్పు అజ్ఞానజనితము కాదు. త్రోవ యొకటియే, తెలుగు దాని చివరివరకు నడచినది, వంగభాష తొలి అడుగు మాత్రమే వేసినది.

ఇంతకంటె విశేషమైనది 'కృషి', 'వ్యవసాయము', 'వ్యాపారము' అను మూడు పదముల చరిత్ర. సంస్కృతమున కృషి యనగా దున్నుట, సేద్యము; వ్యవసాయమనగా నిశ్చయము, ప్రయత్నము; వ్యాపారమనగా క్రియ, ప్రవృత్తి. తెలుగున మొదటి రెండును తావులు మార్చుకొన్నవి. సేద్యవాచకమగు కృషి ప్రయత్నమును, ప్రయత్నవాచకమగు వ్యవసాయము సేద్యమును తెలుపుచున్నవి. 'కృషీవలుడు' అను పదమున మాత్రమే పూర్వార్థము మిగిలినది. వ్యాపారము వర్తకమైనది. వంగభాషలో కృషి సేద్యముగనే నిలువగా, వ్యవసాయము వర్తకమైనది. వ్యాపారము 'సంగతి' యను సామాన్యార్థమును పొందినది.

వంగదేశమును సేద్యప్రధానమే గనుక వృత్తిభేదము ఒక్కటియే ఈ భేదమునకు కారణమనుట చాలదు. జర్మను పండితుడు యోస్ట్ ట్రియర్ 1931లో వివరించిన అర్థక్షేత్ర భావన ఇచ్చట ఉపకరించును: పదము ఒంటరిగా గాక, పొరుగు పదములతో క్షేత్రమును పంచుకొని అర్థమును నిలుపుకొనును. ఒకటి తావు విడిచినచో మరొకటి దానిని ఆక్రమించును. ఐనను, శ్రమకును సేద్యమునకును పేర్లు తారుమారగుట, ఆ రెండు భావములును తెలుగువారి మనస్సున ఎంత సన్నిహితములో సూచించుచున్నది.

ఇట్టివి మరికొన్ని కలవు. ఉపన్యాసము తెలుగున సభాప్రసంగము, వంగమున నవల. చేష్ట తెలుగున వెకిలిపని, వంగమున ప్రయత్నము. సందేశము తెలుగున వార్త, వంగమున వార్తయే గాక మిఠాయి కూడ. 'ఆలోచన' సైతము తెలుగున మనస్సులోని విచారము కాగా, వంగమున పదిమంది జరుపు చర్చ.

ఈ వ్యాపారము ప్రాచీన పదములకే పరిమితము కాదు. ఆంగ్లమున 'రైలు' ఇనుపపట్టాకు పేరు. తెలుగువారు 'రైలుబండి' యని సమాసము కల్పించి, పిదప 'బండి'ని విడిచి, పట్టా పేరును బండికే ఒసగిరి. సరకులను తెలుపు 'గూడ్సు', ప్రయాణికుని తెలుపు 'పాసింజరు' సైతము ఇట్లే బండ్ల పేర్లైనవి. వినువానికి స్ఫురించు భాగమును వదలి, భేదమును తెలుపు భాగమును నిలుపుట మనస్సు యొక్క స్వభావము.

కావున నిఘంటుకారుడు తత్సమమునకు సంస్కృతార్థమును మాత్రమే వ్రాసి విరమింపరాదు. అనువాదకుడు రూపసామ్యమును విశ్వసింపరాదు. మూలార్థమునుండి తొలగుటను దోషముగా నెంచుటకంటె, ఏ భావము వారధియై ఆ పదమును నడపినదో నిరూపించుట భాషాధ్యేతకు కర్తవ్యము.