వాళ్ళింటి మంచినీళ్ళు

మొవ్వ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నాగాయలంక పక్క బడిలో టీచరుగా చేరిన వారానికే తోటి పంతులుగారొకరు "యానాదుల పిల్లలు నాలుగు రోజులొచ్చి మానేస్తారమ్మా, రిజిస్టర్లో పేరుంటే చాలు" అన్నారని రాశావు. ఆ మాట నమ్మాలా, ఆయనతో పోట్లాడాలా అని అడిగావు. రెండూ వద్దు. ముందు ముదునూరు సంగతి విను.

ముదునూరు మనకు దూరమేమీ కాదు, ఉయ్యూరు దగ్గర. గోరా అని అందరూ పిలిచిన గోపరాజు రామచంద్రరావు బందరు హిందూ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. ఆ ఉద్యోగం వదిలి 1940లో ముదునూరు వచ్చి నాస్తిక కేంద్రం పెట్టాడు. జంధ్యం వద్దన్నందుకు ఇంటికీ కులానికీ అంతకుముందే దూరమైన మనిషి. దేవుడి విషయంలో ఆయనతో ఏకీభవించనక్కర్లేదు. ఈ మామయ్య ధనుర్మాసంలో గుడికి వెళ్ళడం మానలేదు కదా! మనం చూడాల్సింది ఆయన నడిపిన భోజనాల పద్ధతి.

పౌర్ణమి రాత్రి ముదునూరులో సహపంక్తి భోజనం జరిగేది. ఒక్కో నెల ఒక్కో చోట. వంట సాదాగా ఉండేది, ఎవరి ఖర్చు వారే పెట్టుకునేవారు. ఈ ఖర్చు సంగతి దాటేసి పోకు, అసలు కీలకం అక్కడే ఉంది. దాత అంటూ లేని పంక్తి అది. పెద్ద కులంవాళ్ళు పెడితే పల్లెవాళ్ళు తిని దణ్ణం పెట్టి వెళ్ళడం అప్పటికి కొత్త కాదు. దానివల్ల ఎవరి మనసులోనూ ఏమీ మారలేదు, పెట్టేవాడు పైన, తినేవాడు కింద అన్న లెక్క చెక్కుచెదరలేదు. తన వంతు డబ్బు తానిచ్చి, పక్కపక్కనే కూర్చుని, ఒకే గరిటెతో వడ్డించింది తింటే ఆ లెక్క వేసుకోవడానికి చోటుండదు. పైగా నెలనెలా జరిగేది. మొదటిసారి ఊరంతా వింతగా చెప్పుకుంటుంది, ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఇందులో సరస్వతీ గోరాగారి పాత్ర గురించి జనం తక్కువగా మాట్లాడతారు. ఆమెకు 1922లో, పదేళ్ళ వయసులో, పెళ్ళయింది. ఆచారం గట్టిగా పాటించే ఇంటి పిల్ల. మడి, అంటు అనేవి ముఖ్యంగా వంటింట్లో నడుస్తాయి, వాటి బరువు ఆడవాళ్ళ మీదే ఉంటుంది. మగవాడు బయట ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఇంటామె దళితులను గడపలోకి రానివ్వకపోతే అవి గాలి మాటలే. ఆమె రానిచ్చింది.

ఆ రాకపోకలు చుట్టరికం దాకా వెళ్ళాయి. పెద్దకూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్ళి అనుకున్నారు. సేవాగ్రాంలో దగ్గరుండి జరిపిస్తానని గాంధీగారు ఒప్పుకున్నారు. ఈలోగా ఆయన్ను చంపేశారు. 1948 మార్చిలో ఆ పెళ్ళి సేవాగ్రాంలోనే జరిగింది. కొడుకు లవణం 1960లో మహాకవి జాషువా కూతురు హేమలతను చేసుకున్నాడు.

ఈ హేమలతగారి పని నీకు మరింత దగ్గరగా ఉంటుంది. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా విస్తరించారు. పుట్టుకతోనే మనిషి మీద దొంగ అని ముద్ర వేసే చట్టం అది. దాని కిందే 1913లో బాపట్ల దగ్గర ఎరుకలవాళ్ళ కోసం స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. 1952లో చట్టం పోయింది కానీ ఊరి పేరు చెబితే అద్దెకు ఇల్లివ్వనంతగా ముద్ర మిగిలింది. 1970లలో లవణం, హేమలత ఆ ఊరికి వెళ్ళారు. జైలు నుంచి వచ్చినవాళ్ళతో, వాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడారు. పోలీసులు తప్ప బయటివాళ్ళు అంతగా తొక్కని గడపలవి. దొంగతనాలు మానేసి వేరే బతుకు చూసుకున్న కుటుంబాలకు ఆ రాకపోకలు ఊతం అయ్యాయి.

ఇక నీ బడి. మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు, గోదావరి లంకల్లో ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టిన తల్లి పేరు. ఆ పేరున్న భోజనం పిల్లలు వరండాలో, పంతుళ్ళు గదిలో తినడం బాగుండదు. నీ పళ్ళెం తీసుకుని వరసలో కూర్చో, రోజూ కూర్చో. యానాది పిల్ల పక్కన చోటు ఖాళీగా ఉంటే అక్కడే కూర్చో.

ఆదివారం ఒకసారి వాళ్ళ గుడిసెల దగ్గరికి వెళ్ళు. పలకలు, బట్టలు పట్టుకుని వెళ్ళకు, అవి తర్వాత ఎప్పుడైనా ఇవ్వొచ్చు. వాళ్ళిచ్చింది తీసుకో. పీతల కూర నీకు అలవాటు లేదు, ఫర్వాలేదు, మంచినీళ్ళు అడిగి తాగు. ముసలాయన్ను "ఏమయ్యా" అనకుండా, మన వీధిలో పెద్దవాళ్ళను పలకరించినట్టే "ఏమండీ, బావున్నారా" అను. ఆ వయసు వచ్చేదాకా ఆయన్ను అలా పలకరించినవాళ్ళు ఎంతమంది ఉంటారో ఆలోచించు.

పిల్లలు ఎందుకు మానేస్తున్నారో అక్కడే తెలుస్తుంది. చేపల చెరువుల కాపలాకు అమ్మానాన్నలు కుదిరితే సంసారమంతా గట్టు మీదికి మారుతుంది. కోతల కాలంలో ఎలకలు పట్టడానికి పిలుపొస్తే అటు పోతారు. చదువంటే ఇష్టం లేక కాదు, ఒక్క చోట ఉండలేక. ఏ చెరువు మీదున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో అడిగి రాసుకుంటే, దగ్గర్లో ఉన్న బడికి ఒక కబురు పెట్టొచ్చు.

ఆ పంతులుగారితో వాదం పెట్టుకోకు. ఆయన చెడ్డవాడని అనుకోవద్దు, ఏళ్ళ తరబడి ఖాళీ హాజరు పట్టీ చూసి చూసి అలా అనుకున్నారు. నీ పక్కన భోజనానికి కూర్చోమని పిలువు. రాకపోతే మర్నాడు మళ్ళీ పిలువు.

తల్లిదండ్రుల కమిటీ సమావేశం ఈసారి గుడిసెల దగ్గరే పెట్టమని హెడ్మాస్టరుగారిని అడుగు. పొద్దుగూకాక పెట్టించు, అప్పటికి చెరువుల మీంచి వచ్చి ఉంటారు.

ఇట్లు,
మీ మామయ్య