మందుపాతరలు తీసే పనికి జీతమెవరిస్తారు?

బెంగళూరులోని ఆర్మీ విభాగం మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో చేరి, మందుపాతరలు పెట్టడం, తీయడం రెండూ నేర్చుకుని, నలభైల్లోనే పింఛనుతో ఇంటికొచ్చిన హవల్దార్లు, సుబేదార్లు మన జిల్లాల్లో ఉన్నారు. వాళ్ళలో చాలామందికి ఇక్కడ దొరికేది గార్డు ఉద్యోగం. కానీ వాళ్ళకొచ్చిన విద్యకు బయట గిరాకీ ఉంది. యుద్ధం ఆగిన ఊళ్ళలో పొలాలను, బడి దారులను శుభ్రం చేసి జనానికి అప్పగించే పని అది. మాజీ సైనికులకే కాదు, మ్యాపులు చేసేవాళ్ళకు, నర్సులకు, అకౌంటెంట్లకు కూడా అందులో చోటుంది. దీని గురించి అడిగేవాళ్ళు ముందు ప్రాణభయం సంగతే ఎత్తుతారు. జీతం డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందని మాత్రం అడగరు. ఈ రంగంలో ఉద్యోగాలు ఎక్కువగా ఊడేది అక్కడే.

మందుపాతరలను నిషేధించే ఒట్టావా ఒప్పందం మీద 1997లో సంతకాలు జరిగాయి. అందులో చేరిన దేశం తన నేలలోని మందుపాతరలను పదేళ్ళలో తీసెయ్యాలి, కావాలంటే గడువు పెంచమని అడగొచ్చు. స్తోమత ఉన్న దేశాలు సాయం చెయ్యాలి. అమెరికా, యూరప్ దేశాలు, జపాన్ ఇచ్చే సొమ్ము కొంత ఐక్యరాజ్యసమితి నిధికి, కొంత హేలో ట్రస్ట్, మ్యాగ్ లాంటి స్వచ్ఛంద సంస్థలకు, కొంత కంబోడియా ప్రభుత్వ సంస్థ సీమ్యాక్ లాంటివాటికి వెళ్తుంది. ఎన్నో ఏళ్ళుగా అందరికన్నా ఎక్కువ ఇస్తూ వచ్చిన అమెరికా ఆ ఒప్పందంలో లేనేలేదు. మనమూ లేమనుకోండి. గ్రాంటు ఏడాదికో రెండేళ్ళకో వస్తుంది, మీ కాంట్రాక్టూ దాని వెంటే నడుస్తుంది. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని తొంభై రోజులు నిలిపేస్తే, ఆ డబ్బుతో నడిచే బృందాలు చాలా దేశాల్లో సామాన్లు సర్దుకోవాల్సి వచ్చింది.

కాబట్టి ఇంటర్వ్యూలో మొహమాటపడకండి. ఈ పోస్టుకు డబ్బిచ్చేది ఎవరు, గ్రాంటు ఏ నెలతో అయిపోతుంది, మధ్యలో ఆగితే ఎన్నాళ్ళ నోటీసు ఇస్తారు, తిరుగు టికెట్ ఎవరు కొంటారు అని అడగండి. అక్కడివాళ్ళకు ఇవి రోజూ వినే ప్రశ్నలే. ఒక్క దాత మీద ఆధారపడిన ప్రాజెక్టులో పెద్ద జీతం కన్నా, నలుగురు దాతలున్న ఆఫీసులో కాస్త తక్కువ జీతమే మేలని నా అభిప్రాయం.

ఏ పనికి వెళ్తున్నారో కూడా తెలుసుకోవాలి. నేల మీద మోకాళ్ళూని తవ్వే పని దాదాపు అంతా స్థానికులదే, అలా ఉండడమే న్యాయం. శ్రీలంకలో జాఫ్నా, కిళినొచ్చిల మధ్య ముహమాలై ఉంది. అంతర్యుద్ధంలో ఏళ్ళ తరబడి రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డ చోటది. యుద్ధంలో భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ళు కూడా అక్కడ ఈ పనిలో చేరారు. ముఖానికి మందపాటి ప్లాస్టిక్ కవచం, ఒంటికి బరువైన ఏప్రన్. మీటరు వెడల్పు దారి, ముందు అడ్డంగా ఒక కర్ర. ఆ కర్ర దాటి చెయ్యి తప్ప మరేదీ వెళ్ళకూడదు. కొన్ని ప్లాస్టిక్ మందుపాతరల్లో లోహం పిసరంతే ఉంటుంది, డిటెక్టర్‌ను నమ్ముకుంటే చాలదు. అందుకే ఇసుక నేలల్లో పొడుగు పిడి ఉన్న పళ్ళగొర్రుతో మట్టిని పొరలు పొరలుగా తమవైపు లాగుతారు. పైనుంచి నొక్కడం అన్నది ఉండదు. హద్దుకు పెట్టిన ఎర్ర రాయి అవతల ప్రమాదం, తెల్ల రాయి ఇవతల భద్రం. ఇదే ఉత్తర శ్రీలంకలో మన ప్రభుత్వ సొమ్ముతో సర్వత్ర, హొరైజన్ అనే రెండు భారతీయ సంస్థలు పనిచేశాయి, అందులో వెళ్ళింది మన మాజీ సైనికులే.

సైన్యం నుంచి వెళ్ళేవాళ్ళు ఒక అలవాటు మానుకోవాలి. యుద్ధంలో బండ్లు దాటడానికి దారి చేస్తే చాలు, అదీ తొందరగా. ఇక్కడ రేపు రైతు దున్నబోయే ప్రతి అడుగునూ నిర్ణయించిన లోతుదాకా చూడాలి, చూసినట్టు సంతకం పెట్టాలి. ప్రకటనల్లో అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఈవోడీ (పేలుడు సామగ్రిని నిర్వీర్యం చేసే శిక్షణ) లెవెల్ 2, లెవెల్ 3 అని అడుగుతారు. మీ ఆర్మీ కోర్సు దేనికి సరితూగుతుందో సంస్థే చూసుకుంటుంది. అందుకే కోర్సు పేరు, తేదీలు, గ్రేడు మీ కాగితాల్లోకి ఎక్కాయో లేదో యూనిట్ వదలకముందే చూసుకోండి. ఐమాస్ అని పిలిచే ఆ ప్రమాణాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. భూమి అప్పగింత మీద 07.11, వైద్య ఏర్పాట్ల మీద 10.40 చదివి వెళ్తే ఇంటర్వ్యూలో మీ మాట తీరే మారుతుంది.

మాదాపూర్‌లో మ్యాపింగ్ కంపెనీలో ఆర్క్‌జీఐఎస్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్ళు ఈ రంగం తమది కాదనుకుంటారు. చాలా దేశాల మందుపాతరల రికార్డులు ఇమ్స్మా అనే డేటాబేస్‌లో ఉంటాయి, దాని కొత్త రూపం ఆర్క్‌జీఐఎస్ మీదే నడుస్తుంది. తవ్వకముందు సర్వే బృందం ఊళ్ళో తిరిగి ఏ బీడులో పశువు చచ్చింది, ఏ గట్టు దాటడానికి జనం జంకుతున్నారు, సైనికులు ఎక్కడ మకాం వేశారు అని అడిగి రాసుకొస్తుంది. అనుమానం ఉన్న భూమిలో చాలాభాగం ఒక్క గునపం దెబ్బ పడకుండా ఇలాగే విడుదలవుతుంది. డేటా తప్పయితే మంచి పొలం ఏళ్ళ తరబడి బీడుగా ఉండిపోతుంది, లేదా చెడ్డ పొలంలోకి మనిషి వెళ్తాడు. నర్సులు, ట్రామా అనుభవం ఉన్న పారామెడిక్‌లు లేకుండా పని మొదలే కాదు. అకౌంటెంట్‌కు దాతకు పంపే రిపోర్టు రాయడం రావాలి. అంగోలాకు పోర్చుగీసు, చాడ్‌కు ఫ్రెంచి కాస్త వచ్చినా పైచేయి మీదే.

బీమా కాగితం తీసుకోకుండా విమానం ఎక్కొద్దు. ఇక్కడ కొనే మామూలు ప్రమాద బీమాల్లో యుద్ధ నష్టానికి మినహాయింపు ఉండడం సర్వసాధారణం. గాయపడితే ఏ దేశం ఆసుపత్రికి తరలిస్తారు, వైకల్యానికి ఎంత ఇస్తారు, ఇంట్లోవాళ్ళకు ఎవరు ఫోన్ చేస్తారు అన్నవి రాతలో ఉండాలి.

ఏజెంట్ల సంగతి వేరే చెప్పాలి. హెల్పర్ పనని నమ్మించి రష్యాకు తీసుకెళ్ళి యుద్ధంలోకి తోసిన మోసం 2024లో బయటపడింది, అందులో హైదరాబాద్ కుర్రాడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. మందుపాతరలు తీసే పేరున్న సంస్థలు, ఐక్యరాజ్యసమితి అభ్యర్థి దగ్గర పైసా తీసుకోవు. వాటి ఖాళీలు సంస్థల సొంత సైట్లలో, రిలీఫ్‌వెబ్ అనే సైట్‌లో కనిపిస్తాయి. మధ్యలో ఎవరైనా వస్తే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వాళ్ళ లైసెన్సు వెతకండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, ఆ పైన జీఎస్టీ. పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం) ముద్ర ఉండి ఇరాక్, యెమెన్, దక్షిణ సూడాన్ లాంటి చోట్లకు ఉద్యోగానికి వెళ్తుంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. విజిట్ వీసా మీద ముందు వచ్చెయ్యండి, కాగితాలు అక్కడ మారుస్తాం అన్నవాడికి పాస్‌పోర్టు కాపీ కూడా ఇవ్వకండి.