మూగనేస్తముల వయస్సు

ఒక గృహస్థుని యింట ఒకే మాసమున మూడు పసిప్రాణములు కన్ను తెరచినవనుకొనుడు. తొట్టెలో ఒక మగశిశువు. పెరటి పాకలో ఒక కుక్కపిల్ల. ధాన్యపుగాదె చాటున ఒక పిల్లికూన. ఈ మూటికిని పంచాంగ మొక్కటియే. ఉగాది వచ్చినచో మూటికిని ఒక్కసారియే వచ్చును. అయినను వాని జీవితములు సమానముగ నడువవు. బాలుడు బడిలో ఓనమాలు దిద్దునాటికి కుక్క నడివయస్సున నుండును. బాలుడు ఎనిమిదవ తరగతికి వచ్చునాటికి కుక్కయు పిల్లియు వృద్ధదశలో ప్రవేశించి యుండును. కాల మొక్కటియే యైనను ఆయువును కొలుచు కొలత మాత్రము ప్రాణి కొక తీరుగ నున్నది. ఆ కొలత నెరుగుట వినోదమునకు మాత్రమే గాక, ఇంట నున్న మూగప్రాణులను చక్కగా పోషించుటకును అవసరము.

మానవుని యాయువును జంతువుల యాయువుతో పోల్చి చూడవలెనను కుతూహలము నేటిది కాదు. లండను నగరమునందలి వెస్ట్‌మినిస్టర్ ఆబీ అను ప్రాచీన ప్రార్థనామందిరములో 1268వ సంవత్సరమున రంగురాళ్లతో ఒక చిత్రమైన నేల పరచబడినది. దానిపై వ్రాయబడిన శాసనము ఒక గొలుసు లెక్కను చెప్పుచున్నది. కంచె 3 ఏండ్లు నిలుచును. దానికి మూడు రెట్లు కుక్క ఆయువు. కుక్కకు మూడు రెట్లు గుఱ్ఱము. గుఱ్ఱమునకు మూడు రెట్లు మానవుడు. అనగా కుక్క 9 ఏండ్లును, మానవుడు 81 ఏండ్లును జీవింతురని భావము. ఈ లెక్క ప్రకారము కుక్కకు గడచిన ఒక యేడు మానవునకు 9 ఏండ్లతో సమానము.

18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడగు బ్యూఫాన్ ఈ విషయమును వేరొక విధముగ ఆలోచించెను. ఏ ప్రాణి ఎంతకాలము పెరుగునో, దానినిబట్టియే అది యెంతకాలము జీవించునో తెలియునని ఆయన భావించెను. మానవుడు 16 మొదలు 18 ఏండ్ల వరకు ఎత్తు పెరుగును గనుక 90, 100 ఏండ్లు జీవింపగలడు. కుక్క రెండు మూడేండ్లు మాత్రమే పెరుగును గనుక 10, 12 ఏండ్లు జీవించును. ఆయన చెప్పిన అంకెలన్నియు నేడు నిలువకపోవచ్చును. కాని పెరుగుదలను చూచి వయస్సును గ్రహింపవలెనను ఆలోచన మాత్రము విలువైనది.

20వ శతాబ్దమున “కుక్కకు ఒక యేడు, మనిషికి ఏడేండ్లు” అను మాట లోకమున విరివిగా వ్యాపించినది. మానవుని ఆయువు 70 అనియు, కుక్క ఆయువు 10 అనియు తీసికొని భాగించినచో 7 వచ్చును. గణితమున దోష మేమియు లేదు. కాని ప్రకృతి ఈ భాగహారమును పాటింపదు. ఒక యేడు నిండిన కుక్క ఏడేండ్ల బాలునితో సమానమైనచో, అది యింకను పాలపండ్లు ఊడుచున్న దశలో నుండవలెను. వాస్తవ మట్లు లేదు.

కుక్కపిల్ల తల్లి గర్భమున దాదాపు 63 దినములు మాత్రమే యుండును. పిల్లికూనయు ఇంచుమించుగ అంతే. మానవశిశువు 280 దినము లుండును. ఈ త్వరితగతి గర్భమునందే ఆరంభమగుచున్నదన్న మాట. పుట్టినపుడు కుక్కపిల్లకు కన్ను కనబడదు, చెవి వినబడదు. రెండు వారములకు కన్నులు విచ్చును. మూడు వారములకు తప్పటడుగులు వేయును. మానవశిశువు తప్పటడుగులు వేయుటకు దాదాపు ఏడాది పట్టును.

పండ్ల విషయము మరింత స్పష్టమైనది. కుక్కకు పాలపండ్లు 28. అవి యూడిపోయి 42 స్థిరదంతములు వచ్చును. ఈ కార్యము ఏడవ మాసమునాటికే ముగియును. పిల్లికి 26 పాలపండ్లు పోయి 30 స్థిరదంతములు వచ్చుటయు ఇంచుమించుగ అప్పుడే. మానవబాలునకు పాలపండ్లూడుట ఆరవయేట మొదలగును. జ్ఞానదంతములు తప్ప తక్కినవన్నియు వచ్చుసరికి 12, 13 ఏండ్లగును. పండ్లనుబట్టి చూచినచో కుక్కకు గడచిన ఏడు మాసములు బాలునకు గడచిన పండ్రెండేండ్లతో సమానమైనవి. ఏడాది తిరుగునప్పటికి కుక్కయు పిల్లియు తమ పిల్లలను తాము కని పెంచగలవు. ఏడేండ్ల పసితనముతో ఆ దశను పోల్చుట యెట్లు పొసగును?

కావున పశువైద్యులు నేడు ఒకే గుణకమును వాడక మెట్లవంటి లెక్కను వాడుచున్నారు. కుక్కకు గాని పిల్లికి గాని మొదటి సంవత్సరము మానవుని 15 ఏండ్లతో సమానము. రెండవ సంవత్సరమునకు మరి 9 చేర్చవలెను. అనగా రెండేండ్లు నిండిన కుక్కయు పిల్లియు 24 ఏండ్ల యువకునితో సమానము. అటుపిమ్మట పిల్లికి ఏడాదికి 4 చొప్పునను, మధ్యరకపు కుక్కకు ఏడాదికి 5 చొప్పునను కూడవలెను. ఈ లెక్క ప్రకారము ఆరేండ్ల పిల్లి 40 ఏండ్ల మనిషి. పదేండ్ల పిల్లి 56 ఏండ్ల మనిషి. 15 ఏండ్ల పిల్లి 76 ఏండ్ల వృద్ధుడు. బాల్యము పరుగెత్తును, యౌవనము నడచును, వార్ధక్యము మెల్లగ సాగును. ఇదియే ఈ లెక్కలోని కీలకము.

కుక్కల విషయమున మరియొక చిక్కు కలదు. సామాన్యముగ పెద్దజంతువులు ఎక్కువకాలము, చిన్నజంతువులు తక్కువకాలము జీవించును. ఏనుగు అరువది డెబ్బది యేండ్లు బ్రతుకును. చిట్టెలుక రెండుమూడేండ్లతో సరి. కుక్కలలో ఈ న్యాయము తలక్రిందులైనది. ఒడిలో పట్టు చిన్నజాతి కుక్కలు 14, 15 ఏండ్లు జీవించుచుండగా, దూడవలె నెత్తుగ నుండు గ్రేట్ డేన్ జాతి కుక్క పదేండ్లు నిండుట అరుదు. 2013లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారము, కుక్కల శరీరభారము ప్రతి 2 కిలోలు పెరుగుకొలది ఆయువు దాదాపు ఒక మాసము తగ్గుచున్నది. పెద్దజాతి కుక్కలు వేగముగ పెరిగి, వేగముగనే ముసలివగుచున్నవి. అందుచేత పదేండ్ల కుక్క చిన్నజాతిదైనచో 56 ఏండ్ల మనిషితోను, మధ్యరకమైనచో 60 ఏండ్ల మనిషితోను, పెద్దజాతిదైనచో 66 ఏండ్ల మనిషితోను ఇంచుమించు సమానమని పశువైద్యుల పట్టికలు చెప్పుచున్నవి. పిల్లులలో ఇంతటి భేదము లేదు.

2020వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు వయస్సును మరింత లోతుగ కొలువ ప్రయత్నించిరి. జీవకణములలోని డి.ఎన్.ఎ. అను పదార్థముపై మిథైల్ అను సూక్ష్మమైన రసాయనపు గుర్తులుండును. వయస్సుతోపాటు అవి మారుచుండును. చెట్టు మ్రానులోని వలయములవలె వానినిబట్టి వయస్సు నూహింపవచ్చును. ఆ శాస్త్రజ్ఞులు 104 లాబ్రడార్ కుక్కల రక్తము నిట్లు పరీక్షించి మనుష్యులతో పోల్చిరి. ఎనిమిది వారముల కుక్కపిల్ల తొమ్మిది నెలల శిశువుతో సరిపోలినది. ఇరువురకును పాలపండ్లు వచ్చు కాల మదియే. 12 ఏండ్ల కుక్క 70 ఏండ్ల వృద్ధునితో సరిపోలినది. కాని ఒక యేటి కుక్క 30 ఏండ్ల మనిషికిని, నాలుగేండ్ల కుక్క 53 ఏండ్ల మనిషికిని దీటుగ వచ్చినవి. పట్టికలోని 15కును ఈ 30కిని ఎంత భేదము! పండ్లను చూచిన నొక లెక్క, కణములను చూచిన మరియొక లెక్క. దేనిని కొలుచుచున్నామో తెలిసికొనకుండ అంకెను మాత్రమే నమ్మరాదని దీనివలన తెలియుచున్నది.

పట్టికలకు అందని దీర్ఘాయువులును కొన్ని కలవు. ఆస్ట్రేలియాలో పసులమందలను కాచిన బ్లూయీ అను కుక్క 29 ఏండ్ల 5 మాసములు జీవించి 1939లో మరణించినది. అమెరికాలో క్రీమ్ పఫ్ అను పిల్లి 1967లో పుట్టి 2005 వరకు, అనగా 38 ఏండ్ల 3 దినములు జీవించినది. ఏడు చొప్పున గుణించినచో బ్లూయీ వయస్సు 200 దాటును. మెట్ల లెక్కను వేసినచో క్రీమ్ పఫ్ వయస్సు 168 అగును. మానవులలో సాక్ష్యాధారములతో తేలిన అత్యధికమైన వయస్సు 122 ఏండ్లే. కావున ఈ పోలికలన్నియు దారి చూపు కంబములే గాని తూకపురాళ్లు కావు.

దారి చూపుటయే అయినను వాని ప్రయోజనము స్వల్పము కాదు. కుక్కపిల్లకు మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకును, పిల్లికూనకు రెండవ వారము మొదలు ఏడవ వారము వరకును లోకమును తెలిసికొను కాలము. అప్పుడు ప్రేమతో చేరదీసినచో అది జీవితాంతము మనుష్యులను నమ్మును. అప్పుడు రాళ్లు రువ్వి బెదరించినచో ఆ భయము జీవితాంతము విడువదు. వేసవి సెలవులలో నెలరోజులపాటు ఒక పిల్ల ఆకతాయితనముగ కుక్కపిల్లను వేధించినచో, ఆ నెల దానికి బాల్యమున ఎన్నో యేండ్లు. మూడవ మాసమున వేయింపవలసిన రేబీస్ టీకాను ‘వచ్చే యేడు చూతము’ అని వాయిదా వేయుటయు ఇట్టిదే. దాని బాల్యమంతయు ఆ యేడాదిలోనే గడచిపోవును.

వార్ధక్యమున కుక్కమూతిపై వెండ్రుకలు నెరయును. కంటిపాప నీలిఛాయతో మసకబారును. పిలిచినను వినబడదు. మెట్లెక్కుటకు కీళ్లు సహకరింపవు. పిల్లి ఇంకను గుట్టుగ నుండును. నొప్పిని పైకి చూపదు. అటక మీదికి దూకుట మానును. ఒడలు నాకి శుభ్రపరచుకొనుట తగ్గించును. మాటిమాటికి నీరు త్రాగును. నీరు ఎక్కువ త్రాగుట మూత్రపిండముల వ్యాధికి సూచన కావచ్చును. “సోమరిదైనది” అని యింటివారు విసుగుకొందురు. అది సోమరితనము కాదు, ముదిమి. వృద్ధములైన కుక్కలను, పిల్లులను ఆరుమాసముల కొకమారు పశువైద్యునకు చూపవలెనని చెప్పుటకు కారణ మిదియే. వానికి ఆరుమాసములనగా మనకు రెండేండ్లకు పైమాట. తాతగారిని రెండేండ్లు వైద్యునకు చూపక యుండుట ఎవ్వరికిని సమ్మతము కాదు గదా!

జపానుదేశపు కుక్క యగు హాచికో చరిత్రను ఈ కొలతతో చూచినచో దాని మహత్త్వము ద్విగుణమగును. హాచికో 1923 నవంబరులో పుట్టినది. దాని యజమాని టోకియో విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. ప్రతిదినమును సాయంకాలము షిబుయా రైలుస్టేషనుకు పోయి ఆయన కెదురుచూచుట దాని యలవాటు. 1925 మే 21వ తేదీన ఆయన విధినిర్వహణమున నుండగనే మరణించెను. ఆ సంగతి కుక్కకు తెలియదు. నాటినుండి 1935 మార్చి 8వ తేదీన తాను మరణించువరకు అది ఆ స్టేషనుకు వచ్చి ఎదురుచూచుచునే యుండెను. దాదాపు పదేండ్లని చరిత్ర చెప్పును. కాని ఆ కుక్క జీవించినది 11 ఏండ్ల పైచిలుకు మాత్రమే. అనగా తన యాయువులో ఏడింట ఆరుపాళ్లు అది నిరీక్షణముననే గడపినది. డెబ్బది యేండ్లు జీవించు మానవునకు అది అరువది యేండ్ల నిరీక్షణము! పదేండ్లను పదేండ్లుగనే లెక్కించినవారికి ఆ విశ్వాసపు బరువు సగమైనను తెలియదు.

ఇక మొదట చెప్పిన యింటికి వత్తము. బాలునకిప్పుడు 13 ఏండ్లు. ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. తనతోపాటు పుట్టిన పిల్లికి మనుష్యుల లెక్కలో 68 ఏండ్లు. కుక్కకు 75 ఏండ్లకు దగ్గర. ఒకనాడు ముగ్గురును శిశువులే. తరువాత కుక్క అన్నవలె బాలుని వెంట బడిదాక నడచి, తండ్రివలె రాత్రులందు వాకిలి గాచి, ఇప్పుడు తాతవలె అరుగుక్రింద పడుకొని యున్నది. బాలుడు సంచితో వీథిమలుపు తిరుగునప్పుడు ఆ చప్పుడు దానికి వినబడదు. దగ్గరకు వచ్చినపుడు వాసన పసిగట్టి తోక మాత్ర మాడించును. మునుపటివలె ఎదురురాలేదేమని బాలుడు అలుగరాదు. అది తన విశ్వాసమును మరువలేదు. దాని కాలము త్వరగా నడచినది, అంతియే.

మహాప్రస్థానమున ధర్మరాజు తన వెంట నడచివచ్చిన శునకమును విడిచి స్వర్గమునకు రానొల్లనని యింద్రునితో చెప్పెను. అంతటి పరీక్ష అందరకును రాదు. మెత్తని గోనెపట్ట పరచుట, పండ్లు లేని నోటికి మెత్తని అన్నము కలిపి పెట్టుట, నీటిపాత్రను చేరువలో నుంచుట, సకాలమున వైద్యునకు చూపుట, ఎనిమిదవ తరగతి బాలుడును చేయగల సేవలే. తన బాల్యమునకు తోడుగ నొక ప్రాణి తన జీవితము నంతయు ఇచ్చినపుడు, దాని ముదిమికి తన బాల్యములో కొంత యిచ్చుట ఆ బాలునకు ధర్మము.

ప్రశ్నలు

1. “కుక్కకు ఒక యేడు, మనిషికి ఏడేండ్లు” అను లెక్క యేల సరికాదు? పండ్ల యుదాహరణముతో వివరింపుము.
2. మెట్ల లెక్క ప్రకారము 12 ఏండ్ల పిల్లి యెన్ని యేండ్ల మనిషితో సమానము?
3. కుక్కల ఆయువునకును శరీరభారమునకును గల సంబంధ మెట్టిది?
4. హాచికో నిరీక్షణమును పదేండ్లని మాత్రమే చెప్పుట యెందుచేత చాలదు?
5. నీ యింట గాని పొరుగింట గాని యున్న యొక కుక్క లేక పిల్లి వయస్సును కనుగొని, దానికి ఇప్పుడు కావలసిన సంరక్షణను గూర్చి పది పంక్తులు వ్రాయుము.